వార్ ఆఫ్ ది వరల్డ్స్ (1988–1990) టీవీ సిరీస్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ సిరీస్ పేరు ఎత్తితే చాలు, ఎవరైనా నన్ను అవే పది పదిహేను ప్రశ్నలు అడుగుతున్నారు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పలేక అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. రెండో సీజన్ గురించిన ప్రశ్నల్లో ఎవరు చనిపోతారో, కథ ఎలా ముగుస్తుందో చెప్పేశాను. చూడాలనుకునేవాళ్లు అక్కడికి రాగానే కిందికి జరిగిపోండి.

ఇది టామ్ క్రూజ్ సినిమాయేనా?

కాదు. ఆ సినిమా 2005లో వచ్చింది. ఈ పేరుతో వచ్చినవి చాలా ఉన్నాయి కాబట్టి తికమక పడటం సహజమే. మూలం 1898లో పుస్తకంగా వచ్చిన హెచ్.జి. వెల్స్ నవల, అంగారకుడి నుంచి వచ్చినవాళ్లు భూమి మీద దాడి చేసే కథ. 1938లో ఆర్సన్ వెల్స్ దాన్ని రేడియో నాటకం చేశాడు. ఇద్దరి ఇంటిపేర్లూ వినడానికి ఒకటే, చుట్టరికం మాత్రం లేదు. 1953లో జార్జ్ పాల్ నిర్మాతగా, బైరన్ హాస్కిన్ దర్శకత్వంలో సినిమా వచ్చింది. ఆ సినిమాకు కొనసాగింపుగా పారామౌంట్ సంస్థ తీసిందే ఈ సిరీస్. గ్రెగ్ స్ట్రేంజిస్ రూపకల్పన. 1988 అక్టోబర్ 7న మొదలై 1990 మే 14న ఆగిపోయింది. కథ అమెరికాలో జరుగుతుంది, షూటింగ్ మాత్రం కెనడాలోని టొరంటోలో చేశారు.

సరిగ్గా ఆ వారంలోనే, అక్టోబర్ 2 ఆదివారం, మన దూరదర్శన్‌లో మహాభారతం మొదలైంది. అది కూడా 1990 జూన్‌లోనే ముగిసింది. మనం అక్కడ కూర్చుంటే ఇక్కడేం జరుగుతోందో తెలిసే దారే లేదు.

ముందు నవల చదవాలా, సినిమా చూడాలా?

నవల చదవకపోయినా ఇబ్బంది లేదు. 1953 సినిమా మాత్రం తప్పనిసరి. గంటన్నర కన్నా తక్కువే, ఒక సాయంత్రం సరిపోతుంది.

నవలలో మూడు కాళ్ల యంత్రాలు నడుస్తూ వస్తాయి. సినిమాలో కాళ్లు తీసేసి, టేకు చేపలా వెడల్పుగా ఉండే రాగిరంగు యంత్రాలను గాలిలో తేలించారు. వాటి మీద హంస మెడలా వంగిన గొట్టం, దాని చివర కన్నులాంటి దీపం, అందులోంచి మంటలు చిమ్మే కిరణం. స్పెషల్ ఎఫెక్ట్స్‌కు ఆస్కార్ వచ్చింది.

చివర్లో ఒక యంత్రం కూలిపోతుంది. అడుగున మూత తెరుచుకుంటుంది. లోపలి నుంచి మూడు వేళ్ల చెయ్యి ఒకటి నెమ్మదిగా పాక్కుంటూ బయటికి వస్తుంది. నరాలు కొట్టుకుంటూ ఉంటాయి, రంగు మారుతుంది, కదలిక ఆగిపోతుంది. హీరో దగ్గరికెళ్లి చూసి చనిపోయిందంటాడు. మన గాలిలో ఉండే మామూలు సూక్ష్మజీవులే వాళ్లను చంపాయని కథనం చెబుతుంది.

ముప్పై అయిదేళ్ల తర్వాత సిరీస్ ఆ చెయ్యి దగ్గరే మొదలవుతుంది. 'అది చనిపోలేదు, నిద్రపోయింది' అంటుంది.

మరి ఎలా లేచారు?

యుద్ధం అయ్యాక సైన్యం ఆ శరీరాలను పీపాల్లో పెట్టి సీలు వేసింది. తర్వాత వాటిని అణు వ్యర్థాల పీపాలు ఉన్న స్థావరంలోనే పడేసి మర్చిపోయింది. మొదటి ఎపిసోడ్‌లో కొందరు ఉగ్రవాదులు ఆ స్థావరాన్ని పట్టుకుంటారు. కాల్పుల్లో వ్యర్థాల పీపాలకు తూట్లు పడి ద్రవం కారుతుంది. రేడియేషన్‌కు శరీరాల్లోని సూక్ష్మజీవులు చస్తాయి. రోగం పోయింది కాబట్టి రోగి లేచి కూర్చున్నాడు.

పాత సరుకు ఉన్న గోదాములో ఎక్కడ ఏముందో రాసిపెట్టే చిట్టా లేకపోతే ఏమవుతుందో చూపించిన సిరీస్ అని నేను సరదాగా అంటుంటాను.

రేడియేషన్‌తో సూక్ష్మజీవులు నిజంగా చస్తాయా?

చస్తాయి, అక్కడి వరకు సైన్స్ సరైనదే. ఆసుపత్రిలో వాడే సిరంజీలు, చేతి తొడుగులు చాలావాటిని గామా కిరణాలతో శుద్ధి చేస్తారు. అమెరికా వెళ్లే మన మామిడి పండ్లను కూడా 2007 నుంచి రేడియేషన్ ఇచ్చాకే పంపుతున్నారు. అక్కడ ఉద్దేశం టెంకలో దాక్కునే పురుగును ఆపడం. అందుకు చాలా చిన్న మోతాదు చాలు.

చిక్కంతా మోతాదులోనే ఉంది. రేడియేషన్ మోతాదును గ్రేలలో కొలుస్తారు. మనిషికి ఒళ్లంతా 5 గ్రేల రేడియేషన్ ఒకేసారి తగిలి, వైద్యం అందకపోతే బతకడం కష్టం. మామూలు బ్యాక్టీరియాను పూర్తిగా తుడిచిపెట్టాలంటే వేల గ్రేలు కావాలి. 1956లో అమెరికాలో రేడియేషన్ ఇచ్చిన మాంసం డబ్బా ఒకటి పాడైపోతే, ఎందుకా అని చూసినవాళ్లకు డైనోకాకస్ రేడియోడ్యూరన్స్ అనే బ్యాక్టీరియా దొరికింది. అది 5,000 గ్రేలకు కూడా చెక్కుచెదరదు. అంటే రోగాన్ని చంపే మోతాదు రోగిని ముందే చంపేయాలి. మన గ్రహాంతరవాసులు దాన్ని తట్టుకున్నారంటే వాళ్ల ఒళ్లు వేరే మట్టితో చేసిందని సరిపెట్టుకోవాలి. సిరీస్ కూడా అదే చెబుతుంది, రేడియేషన్ లేకపోతే వాళ్లకు బతుకు లేదు.

మనుషుల శరీరాల్లోకి ఎలా దూరతారు?

మనకు ఇది కొత్త సంగతి కాదు. పరకాయ ప్రవేశం. తేడా ఏంటంటే మన కథల్లో ప్రాణం పోయిన శరీరంలోకి దూరతారు, పని అయ్యాక తిరిగి వచ్చేస్తారు. ఇక్కడ బతికున్న మనిషిలోకి దూరతారు, ఆ మనిషి ఇక ఉండడు. అతని జ్ఞాపకాలు మాత్రం దొంగకు పనికొస్తాయి.

అయితే రేడియేషన్ వల్ల ఆ శరీరం తొందరగా కుళ్లుతుంది. మొహం మీద పుళ్లు లేస్తాయి, చర్మం ఊడుతుంది. పోస్టల్ ఉద్యోగి, నర్సు, లారీ డ్రైవర్, ఎవరైనా కావచ్చు. మామూలుగానే మాట్లాడుతుంటారు, చెవి పక్కన మాత్రం ఒక పుండు. కాసేపటికి పొట్ట చీల్చుకుని మూడో చెయ్యి బయటికి వస్తుంది. చనిపోతే శరీరం బుడగలు కక్కుతూ జిగురులా కరిగిపోతుంది. కాబట్టి ఎప్పుడూ సాక్ష్యం మిగలదు. నిర్మాతకు ఇది చవకలో అయ్యే పని కూడా. రబ్బరు బొమ్మ ప్రతి సీనులో కట్టక్కర్లేదు, నటుడి మొహానికి నాలుగు పుళ్లు అంటిస్తే చాలు.

వీళ్లు అంగారకుడి నుంచి కదా రావాలి?

నవలలోనూ, 1953 సినిమాలోనూ అంగారకుడే. సిరీస్‌లో 40 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న మోర్‌టాక్స్ అనే గ్రహం. ఎందుకు మార్చారో ఊహించవచ్చు. 1965లో మారినర్ 4 అనే నౌక అంగారకుడి దగ్గరగా వెళ్లి ఫొటోలు తీసింది, 1976లో వైకింగ్ నౌకలు దిగి మట్టి తవ్వాయి. ఆ తర్వాత అంగారకుడి మీద నగరాలున్నాయంటే పిల్లలు కూడా నవ్వుతారు. వెలుగును మించిన వేగం లేదన్న లెక్కన, 1988లో వీళ్లు ఇంటికి ఒక కబురు పంపితే అది చేరేది 2028లో. జవాబు రావాలంటే 2068.

అన్నీ మూడే ఎందుకు?

మూడు చేతులు, చేతికి మూడు వేళ్లు, ముగ్గురు పెద్దల పాలక మండలి, ఎక్కడికైనా ముగ్గురుగా వెళ్లడం. ఇది కూడా పాత సినిమా నుంచి వచ్చిందే, అందులో యంత్రాలు మూడేసి చొప్పున వచ్చేవి. సిరీస్ దాన్ని మతంలా మార్చింది. ఆ ముగ్గురు పెద్దలు నెవాడాలో ఒకప్పుడు అణుపరీక్షలు జరిగిన చోట గుహలో కూర్చుని, రేడియేషన్ చల్లగా తగులుతుంటే కిందివాళ్ల మీద విసుక్కుంటూ ఉంటారు. పని చెడగొట్టినవాడి గురించి ముగ్గురూ ఒకరి మాట ఒకరు అందుకుంటూ తిట్టే తీరు చూస్తే, ప్రపంచాన్ని గెలవడానికి వచ్చినవాళ్లలా కాదు, బడ్జెట్ చాలని ఆఫీసులో మేనేజర్లలా కనిపిస్తారు. నాకు వాళ్లంటే ఇష్టం కలిగింది అందుకే.

1953లో ప్రపంచమంతా తగలబడితే 1988లో ఎవరికీ గుర్తు లేకపోవడం ఏంటి?

నన్ను అందరికన్నా ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇది. సిరీస్‌ను వెక్కిరించేవాళ్లు ఇక్కడే మొదలుపెడతారు. సినిమాలో లాస్ ఏంజలెస్ నేలమట్టం అవుతుంది, అణుబాంబు కూడా పేలుస్తారు. సిరీస్‌లో చూస్తే మామూలు జనానికి ఆ సంగతే తెలియదు. ప్రభుత్వం దాచిపెట్టింది, జనం కూడా తమకు తెలియకుండానే మరిచిపోయారు, ఏదో సామూహిక మతిమరుపు అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు.

మొదటిసారి చూసినప్పుడు నేనూ ఒప్పుకోలేదు. దివిసీమ ఉప్పెన 1977 నవంబర్ 19న వచ్చింది. ఆ ప్రాంతం పెద్దవాళ్లను ఇప్పుడు కదిపినా నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో చెయ్యెత్తి చూపిస్తారు. అలాంటిది నగరాలకు నగరాలు పోతే మరిచిపోతారా?

తర్వాత 2020 వచ్చింది. కరోనా రోజుల్లో అందరం ఉన్నట్టుండి 1918 ఫ్లూ గురించి చదవడం మొదలుపెట్టాం. ఒక్క భారతదేశంలోనే కోటి మందికి పైగా చనిపోయారని అంచనాలు. మొదటి ప్రపంచ యుద్ధంలో మన సైనికులు చనిపోయింది డెబ్భై వేలకు పైగా, దానికి గుర్తుగా ఢిల్లీలో ఇండియా గేట్ ఉంది. కోటి మంది పోయిన జబ్బుకు అలాంటి గుర్తు ఏదీ నేను చూడలేదు. మా స్కూల్ పుస్తకాల్లో ఒక పేరా చదివిన గుర్తు లేదు. మా తాతమ్మ కాలంలో 'పెద్ద జ్వరాల సంవత్సరం' అనేవాళ్లట, అంతకుమించి ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు. ఏ ప్రభుత్వమూ పనిగట్టుకుని దాచాల్సిన అవసరమే రాలేదు.

అప్పుడు మళ్లీ ఈ సిరీస్ చూస్తే నాకు వేరేలా కనిపించింది. దీన్ని రాసినవాళ్లు సరిగ్గా రాయలేకపోయారు గానీ, వాళ్ల చేతికి దొరికిన విషయం చిన్నది కాదు. గ్రహాంతరవాసుల బలం వాళ్ల ఆయుధాల్లో లేదు. వాళ్ల యుద్ధ యంత్రాలు మొదటి ఎపిసోడ్‌లోనే పేలిపోతాయి. వాళ్ల బలమంతా వాళ్లున్నారని ఎవరూ నమ్మకపోవడంలో ఉంది.

గుర్తున్నవాళ్ల గతి ఏమిటో చూడాలంటే సిల్వియా వాన్ బ్యూరెన్ పాత్రను చూడండి. 1953 సినిమా కథానాయిక. ఆనాడు ఆ పాత్ర వేసిన ఆన్ రాబిన్‌సనే మళ్లీ వచ్చి మొదటి సీజన్‌లో మూడు ఎపిసోడ్లు చేసింది. సిరీస్‌లో సిల్వియా మానసిక వైద్యశాలలో ఉంటుంది. వాళ్లు దగ్గర్లో ఉంటే ఆమెకు ముందే తెలిసిపోతుంది, అరుస్తుంది, మందిచ్చి పడుకోబెడతారు. జరిగింది జరిగినట్టు గుర్తుపెట్టుకున్న మనిషికి పిచ్చి అని పేరు.

రేడియో నాటకం గొడవ కూడా ఇందులో ఉందట?

ఉంది. 'ఐ ఫర్ యాన్ ఐ' అనే ఎపిసోడ్. రేడియో ప్రసారం జరిగింది 1938 అక్టోబర్ 30 రాత్రి. దానికి 50 ఏళ్లు నిండిన సందర్భంగా తీశారు. నాటకంలో అంగారకులు దిగినట్టు చెప్పిన ఊరు న్యూజెర్సీలోని గ్రోవర్స్ మిల్. ఈ ఎపిసోడ్‌లో ఏమంటారంటే, ఆ రాత్రి నిజంగానే కొందరు వేగులు దిగారు, దాన్ని కప్పిపుచ్చడానికే ప్రభుత్వం రేడియో నాటకం వేయించింది. భలే తిరకాసు.

దేశమంతా రోడ్ల మీద పరుగులు తీసిందన్నది మాత్రం పత్రికలు పెంచిన కథ. ఆ రాత్రి ఫోన్ చేసి అడిగిన ఒక సర్వేలో, ఆ కార్యక్రమం వింటున్నామన్నవాళ్లు నూటికి ఇద్దరే. భయపడ్డవాళ్లు ఉన్నారు, ఊళ్లకు ఊళ్లు ఖాళీ కాలేదు. చూశారా, జరిగిన ఫ్లూ మరిచిపోయాం, జరగని గందరగోళం గుర్తుంచుకున్నాం.

గ్రోవర్స్ మిల్ ఉన్నది వెస్ట్ విండ్సర్‌లో. మన తెలుగు కుటుంబాలు బాగానే ఉండే చోటు. అక్కడి వాన్ నెస్ట్ పార్కులో 1988లో పెట్టిన స్మారక ఫలకం ఉంది. మా బావమరిది ఆ పక్కనే ఆరేళ్లు ఉండి, రోజూ అటు వాకింగ్‌కు వెళ్లి, నేను చెప్పేదాకా అదేంటో చూడలేదు.

ముఖ్యపాత్రలు ఎవరు?

హారిసన్ బ్లాక్‌వుడ్ ఖగోళ భౌతికశాస్త్రవేత్త, నటుడు జారెడ్ మార్టిన్. 1953లో అమ్మానాన్నలు చనిపోతే సినిమా కథానాయకుడు డాక్టర్ ఫారెస్టర్ పెంచుకున్న పిల్లవాడు. సుజానే మెక్‌కలో సూక్ష్మజీవుల శాస్త్రవేత్త, లిండా మేసన్ గ్రీన్. ఆమె కూతురు డెబి. చక్రాల కుర్చీలో ఉండే కంప్యూటర్ నిపుణుడు నార్టన్ డ్రేక్, ఫిలిప్ ఏకిన్. అతని కుర్చీ నోటిమాట వింటుంది, దానికి గెర్ట్రూడ్ అని పేరు కూడా పెట్టుకున్నాడు. లెఫ్టినెంట్ కల్నల్ ఐరన్‌హార్స్, రిచర్డ్ షావెజ్. 1987 నాటి ప్రెడేటర్ సినిమాలో పాంచోగా చూసే ఉంటారు. హారిసన్ ఎప్పుడూ ఏదో ఒక అల్లరి చేస్తుంటే ఈయన పళ్లు నూరుతుంటాడు. మొదటి సీజన్‌ను నిలబెట్టింది వీళ్లిద్దరి కయ్యమే.

రెండో సీజన్ వేరే సిరీస్‌లా ఉందేంటి? (కథ బయటపడుతుంది)

ఎందుకంటే దాదాపు వేరే సిరీసే. స్ట్రేంజిస్ స్థానంలో ఫ్రాంక్ మంకూసో జూనియర్ వచ్చాడు. ఫ్రైడే ది థర్టీన్త్ టీవీ సిరీస్ నిర్మాత. మొదటి ఎపిసోడ్‌లోనే ఐరన్‌హార్స్‌నూ నార్టన్‌నూ చంపేశారు. గ్రహాంతరవాసులు ఐరన్‌హార్స్‌కు నకలు మనిషిని తయారుచేసి, హారిసన్ జట్టు ఉండే ఇంటి మీదికి పంపుతారు. అసలువాడు పోతే నకలు కూడా పోతుంది కాబట్టి ఆయన తనను తానే కాల్చుకుంటాడు. బాగా తీశారు, ఒప్పుకుంటాను. కానీ ఆ తర్వాత సిరీస్‌లో నవ్వు లేకుండా పోయింది.

పాత గ్రహాంతరవాసులను కొత్తవాళ్లు శిక్షించి చంపేస్తారు. గ్రహం పేరు మోర్‌థ్రాయ్ అయింది, మూడో చెయ్యి పోయింది, పరకాయ ప్రవేశం పోయి క్లోనింగ్ వచ్చింది. అమెరికా అంతా ఒక్కసారిగా చీకటి వీధులు, చెత్తకుప్పలు, ఆకలి. ఎప్పుడు అలా అయింది, ఎందుకయింది, ఎవరూ చెప్పరు. హారిసన్ గడ్డం పెంచుకుని మురుగు కాలువల కింద బతుకుతుంటాడు. మతిమరుపు గురించిన సిరీస్ తన మొదటి సీజన్‌నే మరిచిపోయింది.

రెండో సీజన్‌లో జాన్ కింకేడ్ పాత్ర వేసింది హైలాండర్ హీరోయేనా?

అవును, ఏడ్రియన్ పాల్. 1992 నుంచి హైలాండర్ సిరీస్‌తో పెద్ద పేరు వచ్చింది. అందులో ఫిలిప్ ఏకిన్ కూడా కొంతకాలం ఉన్నాడు.

చివరికి ఏమవుతుంది? (ఇది కూడా)

'ది ఒబెలిస్క్' ఆఖరి ఎపిసోడ్. తమ గ్రహం నాశనం కావడం వెనక తమ నాయకుడు మాల్జార్ తప్పే ఉందని అతని మనుషులకు తెలుస్తుంది. అతను చస్తాడు, యుద్ధం ఆగుతుంది. ఆపేస్తున్నారని తెలిసి హడావుడిగా కట్టిన మూట అది. అయినా ఆ రోజుల్లో మధ్యలోనే తెగిపోయిన సిరీస్‌లతో పోలిస్తే మనకు ముగింపంటూ ఒకటి దక్కింది.

'వి' సిరీస్‌కూ దీనికీ సంబంధం ఉందా?

లేదు. అది కెన్నెత్ జాన్సన్ సృష్టి, 1983లో మొదలైంది. మనిషి తోలు కప్పుకున్న బల్లులు. అక్కడ కూడా బ్యాక్టీరియాతో తయారైన ఎర్రపొడే వాళ్లను తరిమింది, 1984 సిరీస్‌లో వాళ్లూ తిరిగొచ్చారు. పోలిక అంతవరకే.

2019లో ఫాక్స్, కెనాల్ ప్లస్ కలిసి తీసిన సిరీస్ వేరే కథ. గాబ్రియెల్ బర్న్ ఉన్నాడు, మూడు సీజన్లు వచ్చాయి. బాగుంటుంది, కానీ ఒక్క చిరునవ్వు కనిపిస్తే చెప్పండి.

పిల్లలతో కూర్చుని చూడొచ్చా?

పదేళ్లలోపు పిల్లలతో వద్దు. తలల్లో వేళ్లు దిగబడటం, మొహాలు ఊడటం ఉంటాయి. అన్నం తినేటప్పుడు పెద్దవాళ్లకూ వద్దు.

ఏ ఎపిసోడ్‌తో మొదలుపెట్టాలి?

మొదటిదైన 'ది రిసరెక్షన్'తో. రెండు గంటల నిడివి. నచ్చితే మొదటి సీజన్ అంతా వరసగా చూడండి. తారీఖులు ఒక్కోచోట ఒక్కోలా కనిపిస్తే కంగారు పడకండి. దీన్ని పెద్ద నెట్‌వర్క్ ఏదీ వేయలేదు. పారామౌంట్ వాళ్లు ఒక్కో ఊరి స్టేషన్‌కు విడివిడిగా అమ్మారు, ఎవరికి వీలైన రోజు వాళ్లు వేసుకున్నారు.

డీవీడీలు దొరుకుతాయా?

మొదటి సీజన్ 2005లో, టామ్ క్రూజ్ సినిమా వచ్చిన ఏడాదే విడుదలైంది. రెండోది 2010లో. పాతవి అమ్మేవాళ్ల దగ్గర వెతకాలి. ఒక జాగ్రత్త, అవి అమెరికా డిస్కులు, రీజియన్ 1. మన దేశంలో అమ్మిన ప్లేయర్లు రీజియన్ 5. మా బావమరిది సూట్‌కేసులో ఆవకాయ జాడీ తీసిన చోట పెట్టుకుని తెచ్చిన సెట్టును నేను ప్లేయర్‌లో పెడితే, స్క్రీన్ మీద ఈ రీజియన్‌లో పనిచేయదని ఒక లైను వచ్చి ఆగిపోయింది. పాత కంప్యూటర్‌లో డిస్క్ డ్రైవ్ ఉంది కాబట్టి సరిపోయింది. అందులో రీజియన్ మార్చుకోవచ్చు, కానీ అయిదుసార్లే, తర్వాత అక్కడే లాక్ అయిపోతుంది. నేను మూడు వాడేశాను.